త్రూ ప్రాపర్ చానెల్

మా యూనివర్సిటీలో గదిలో ఫ్యాను తిరగకపోయినా, గుర్తింపు కార్డు పోయినా, రెండు రోజులు సెలవు కావాలన్నా ఒకటే పద్ధతి. ఎవరికి ఇవ్వాలో ఆ పెద్దాయన హోదా పైన రాసి, దాని కింద ‘త్రూ ప్రాపర్ చానెల్’ అని రాసి గీత గీయాలి. అంటే ఆ అర్జీ నేరుగా ఆయన దగ్గరకు పోదు. ముందు మన విభాగం హెడ్ చదువుతారు. ఆయన ‘ఫార్వర్డెడ్’ అని ముద్ర వేయించి సంతకం పెడితే టపా సెక్షనుకు వెళ్తుంది. అక్కడ తేదీ ముద్ర పడ్డాకే పైకి. ఆ మూడు మాటలు లేని కాగితాన్ని టపా గుమాస్తా తీసుకోడు. లైబ్రరీలో కాంట్రాక్టు అటెండరుగా చేరిన మొదటి వారంలో నేను నేర్చుకున్నది ఇదే. పుస్తకాల నంబర్లు ఆ తర్వాత నేర్చుకున్నాను.

మాది మల్కాపురం. నాన్న పోర్టులో కలాసీగా చేసేవాడు. ఇంటర్ రెండో ఏడు సగంలో అమ్మకు జబ్బు చేస్తే చదువు మానేశాను. తర్వాత పెళ్లి, పిల్లలు, వాళ్లు కాస్త పెద్దయ్యాక ఈ ఉద్యోగం. చదివి తిరిగిచ్చిన పుస్తకాలను తోపుడు బండి మీద పెట్టుకుని ఏ అరలోవి ఆ అరలో సర్దడం నా పని. సర్దేముందు ప్రతి పుస్తకంలో మొదటి పేజీ, విషయసూచిక చదవాలని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. ఏళ్ల తరబడి అలా చదివితే మొదటి పేజీ దగ్గర ఆగలేం. మొదట్లో నిఘంటువు ఒళ్లో పెట్టుకుని చదివితే ఇంగ్లీషు పుస్తకం పేజీకి అరగంట పట్టేది. తర్వాత పావుగంట. తర్వాత నిఘంటువు అరలోనే ఉండిపోయింది. రాకెట్లు, పురుగుమందులు, మొగలుల పన్నులు, పసిపిల్లల జబ్బులు, బండి మీదకు ఏది వస్తే అది. కాలేజీలో చదివినవాళ్లకు ఒక్క సబ్జెక్టు వస్తుంది, నాకు బండి మీద వచ్చినవన్నీ వచ్చు అని లోపల గర్వంగా ఉండేది. ఇప్పటికీ కాస్త ఉంది, దాచడం ఎందుకు.

కౌంటరులో కూర్చునే సీనియర్ అసిస్టెంటు నన్ను ప్రొఫెసరమ్మ అనేవాడు.

“ఏటి ప్రొఫెసరమ్మా, ఈయేళ ఏ రేక్ పుస్తకాలు తినీసినావు? సెదపురుగులకి కూడా కొంచెం ఉంచు. పాపం ఆటికీ పిల్లలుంటాయి.”

“నీ రిజిస్టరొక్కటే మిగిలింది అన్నయ్యా. అర్థమయ్యేలాగ రాత్తే అది కూడా సదివీసుదును.”

ఒకసారి రెండో అంతస్తులో అరల మధ్య నిలబడి చదువుతూ ఒక మేడంకి దొరికిపోయాను. సోషల్ సైన్సెస్ ప్రొఫెసరు. కేకలేస్తారనుకున్నాను. ఆవిడ పుస్తకం వెనక్కి తిప్పి పేరు చూసి, “ఇందులో నీకు ఏది నచ్చింది?” అని అడిగారు. ఏది నచ్చిందో, ఎందుకు నచ్చిందో చెప్పాను. ఆ రోజు నుంచి ఆవిడ కావలసిన పుస్తకాల చీటీ కౌంటరుకు కాకుండా నాకే పంపేవారు. శనివారం మధ్యాహ్నం క్లాసులో వెనక బెంచీ మీద కూర్చోనిచ్చేవారు. ఎవరైనా అతిథులు లైబ్రరీ చూడ్డానికి వస్తే, “మా దగ్గర డిగ్రీ లేని పండితురాలు ఒకావిడ ఉంది” అని నన్ను పిలిచి చూపించేవారు. నా వయసు నలభై దాటింది. చిన్నప్పుడు బళ్లో కూడా నన్ను ఎవరూ అలా పిలిచి చూపించలేదు.

లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి యూనివర్సిటీలో ఒక కమిటీ ఉంటుంది. దానికి ఆ మేడమే అధ్యక్షురాలు. కమిటీ గురించి ఒక పోస్టరు ఇంగ్లీషులో ఉండేది, దాని తెలుగు ఆఫీసువాళ్లు చేయించారు. ఆ తెలుగు చదివి మా స్వీపరమ్మలు అది కరెంటు బిల్లుల నోటీసనుకున్నారు. మేడం నవ్వి, “నువ్వు రాయమ్మా” అన్నారు. రెండు రోజులు కూర్చుని రాశాను. ‘మీకు ఇష్టం లేకుండా ఎవరైనా మీ మీద చెయ్యి వేసినా, వంకర మాట అన్నా, పదే పదే మెసేజీలు పెట్టి విసిగించినా అది మీ తప్పు కాదు. కాగితం మీద రాసి కమిటీకి ఇవ్వండి. మీ పేరు బయటికి రాదు.’ హాస్టళ్లలో, ల్యాబుల్లో, క్యాంటీన్లో, ఆడవాళ్ల బాత్‌రూముల్లో అంటించారు. ఆ ఏడు అవగాహన సభలో నన్ను వేదిక మీదకు పిలిచి ఆ నాలుగు ముక్కలు నాచేత చదివించారు. ఇంటికొచ్చాక మా ఆయన, “మైకులో మాట్లాడినావేటి? నీ మాట మైకు నేకుండానే గాజువాక దాకా ఇనిపిత్తాది కదా” అన్నాడు. ఆ రాత్రి వంట మాత్రం ఆయనే చేశాడు.

ఆ పోస్టరు చదివి నా దగ్గరకొచ్చింది ఒక అమ్మాయి.

సైన్సు విభాగంలో పీహెచ్‌డీ, రెండో సంవత్సరం నడుస్తోంది. తండ్రి అచ్యుతాపురంలో మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ. ఆ ఇంట్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి ఈ పిల్లే. పాత థీసిస్‌లు మూడో అంతస్తులో ఉంటాయి కాబట్టి నాతో పరిచయం. అక్కా, అక్కా అంటూ బండి కూడా తోసిపెట్టేది. ఆదివారం చర్చి నుంచి వచ్చేటప్పుడు కేకు తెచ్చిందంటే సోమవారం నాకో ముక్క ఉండేది. అలాంటిది ఉన్నట్టుండి ల్యాబులో ఉండాల్సిన వేళల్లో లైబ్రరీకి రావడం మొదలుపెట్టింది. కిటికీ వైపు కాకుండా గోడ మూలకు కూర్చునేది.

“అక్కా, ఎవులైనా అడిగితే నాను రానేదని సెప్పు.”

“ఎవులడుగుతారే?”

“మా ల్యాబోలు.”

రెండు వారాలు ఇలా అయ్యాక ఒక మధ్యాహ్నం చెప్పింది. ఆమె గైడు, అంటే పరిశోధన చూసే ప్రొఫెసరు, అందరూ భోజనానికి వెళ్లాక గదికి పిలుస్తాడు. ఏసీ పోతుందని తలుపు వేయమంటాడు. మొదట భుజం మీద చెయ్యి. తర్వాత నడుం మీద. తోసేసి బయటికొస్తే సాయంత్రం నుంచి మెసేజీలు. ఫోను నా చేతికిచ్చింది. ‘ఎందుకంత భయం’, ‘ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకం ఎవరు పెడతారో గుర్తుందా’. ఆరు నెలలకోసారి ఆ సంతకం పడకపోతే పీహెచ్‌డీ ముందుకు కదలదు. ఆ పిల్ల తండ్రికి ఇంకా చెప్పలేదు. చెబితే చదువు మాన్పించి తీసుకుపోతాడని భయం.

“ఆ పోస్టర్ రాసింది నువ్వేనంట కదక్కా. నిజంగా పేరు బయటికి రాదా?”

“రాదు,” అన్నాను. నేనే కమిటీ అయినట్టు చెప్పాను.

న్యాయశాస్త్రం అరలోంచి ఈ వేధింపుల మీద ఉన్న చట్టం పుస్తకం తెచ్చి, ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చదివాను. జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు రాసి కమిటీకి ఇవ్వాలి. కమిటీకి అనే ఉంది, మధ్యలో ఇంకెవరూ లేరు. విచారణ జరిగేటప్పుడు ఆమె పని మీద అతని పెత్తనం లేకుండా చేయమని అడగవచ్చు. రాజీ అనేది ఆమె కోరితేనే, కమిటీ తనంతట తాను కోరకూడదు. ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ ఉంటే ఆ పిల్ల ముఖం కాస్త తేటపడింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇన్నేళ్లు బండి తోసింది ఇందుకే అనిపించింది. ‘నేరుగా ఇవ్వాలి’ అన్న చోట మాత్రం, “అది నాను మేడంని కనుక్కుని సెప్తాను” అని పేజీ తిప్పేశాను. అంత పెద్దావిడ దగ్గరకు కాగితం ఊరికే పట్టుకెళ్లడం నాకే సరిగ్గా అనిపించలేదు.

మేడం గదికి వెళ్లాను. అమ్మాయి పేరు చెప్పలేదు, విభాగం చెప్పాను. మేడం ఫ్లాస్కులోంచి టీ పోసి తన పింగాణీ కప్పులో ఇచ్చారు. నాకు ఎప్పుడూ ఆ కప్పులోనే ఇచ్చేవారు, పేపరు గ్లాసులో కాదు.

“రాసి ఇస్తుందా?”

“ఇస్తుందండి. నేరుగా మీ చేతికి ఇమ్మంటారా?”

ఆవిడ ఫ్లాస్కు మూత బిగించారు. “వద్దమ్మా. హెడ్ ద్వారా రానీ. త్రూ ప్రాపర్ చానెల్ పెట్టించు. నేను డైరెక్టుగా తీసుకుంటే, నేనే పిలిపించి రాయించానంటారు ఆ డిపార్ట్‌మెంటువాళ్లు. ప్రొసీజర్లో లోపం దొరికితే కేసే నిలబడదు. ఇదంతా నీకు తెలియనిదా?”

పుస్తకంలో అలా లేదండి అని నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ‘నీకు తెలియనిదా’ అన్నారు కదా. ఒక ప్రొఫెసరు నాతో ప్రొసీజరు గురించి సమానంగా మాట్లాడుతుంటే, లేదండీ పుస్తకంలో ఇలా ఉంది అనడం చిన్నతనంగా తోచింది. పుస్తకం అందరి కోసం రాసింది, మేడంకి ఈ ఊరు తెలుసు, ఈ మనుషులు తెలుసు అని నాకు నేను చెప్పుకున్నాను. టీ తాగి కప్పు కడిగి పెట్టి వచ్చేశాను.

ఆ పిల్లకు చెప్పినప్పుడు వెంటనే అడిగింది.

“హెడ్ సార్‌కి ఇవ్వాలా? అక్కా, ఆలిద్దరూ బావా బావా అనుకుంతారు. కేరేజీ కూడా ఒక్కసోటే తింతారు.”

“మేడమే సెప్పింది. రూలంటే రూలే. కవరు అంటించి ఇద్దాం, ఎవులూ ఇప్పరు.”

“పుస్తకంలో కూడా అలగే ఉందా?”

“అలగే ఇయ్యాలి,” అన్నాను. పుస్తకంలో ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు.

సోమవారం పదకొండు దాటాక ఇద్దరం ఆ విభాగం ఆఫీసుకు వెళ్లాం. నేను లైబ్రరీలో గంట పర్మిషన్ తీసుకున్నాను. కవరు మీద కమిటీ పేరు, దాని కింద ఆ మూడు మాటలు నా చేతిరాతలోనే ఉన్నాయి. గుమాస్తా కవరు అటూ ఇటూ తిప్పాడు.

“అంటించీసినారేటమ్మా? లోపలేటుందో సూడకుండా సారు ఫార్వర్డ్ ఎలా సేత్తారు?”

“కమిటీకండి అది. రహస్యం.”

“రహస్యమైతే ఇక్కడికెందుకు తెచ్చినారు?”

అతను కత్తెరతో అంచు కత్తిరించి, నిలబడే మొదటి నాలుగు వరసలు చదివి, తలెత్తి ఆ పిల్లను కిందినుంచి పైదాకా చూశాడు. రసీదు అడిగితే సారు చూశాక అన్నాడు. కాగితం పట్టుకుని లోపలికి వెళ్లాడు. గదికి కర్టెను తప్ప తలుపు లేదు. కాసేపటికి హెడ్ గారు ఫోనులో అన్న మాట మా ఇద్దరికీ వినబడింది.

“బావా, ఒక్కసారి ఇలా రా. పనుంది.”

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. నేను లోపలికి వెళ్లి ఆ కాగితం లాక్కొని రావలసింది. అటెండరుని, ఎలా వెళ్తాను అనుకున్నాను. పండితురాలినన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

అటునుంచి అటే మేడం దగ్గరకు పోయి అంతా చెప్పాను. ఇవాళ ఇచ్చాం, కవరు చింపారు, రసీదు ఇవ్వలేదు, ఫోను కూడా చేశారు. ఆవిడ ఏదో ఫైలు చూస్తూ, “సరే, వస్తుందిలే అమ్మా. కంగారు పడకు” అన్నారు.

కాగితం తొమ్మిది రోజులకు వచ్చింది. ఈలోపు ఆ పిల్ల ల్యాబు తాళం తీసేసుకున్నారు. హాజరు పట్టీలో ఆమె పేరుకు ఎదురుగా పాత తేదీల్లో కూడా గైర్హాజరు పడింది. ఆమె ల్యాబుకు సరిగ్గా రాదనీ, అడిగితే గైడుని కేసు పెడతానని బెదిరించిందనీ నలుగురు స్కాలర్లు సంతకాలు చేసి హెడ్‌కి ఉత్తరం ఇచ్చారు. ఆ నలుగురిలో ఒకమ్మాయి హాస్టల్లో ఈమె గదిలోనే ఉండేది. ఈమె దుప్పటి కప్పుకుని పడుకునేది.

కమిటీ పిలిచి మాట్లాడిన రోజు ఆ పిల్ల మూడో అంతస్తుకు వచ్చి నా బండి పక్కన నేల మీద కూర్చుంది.

“ఆల ఉత్తరమే ముందొచ్చిందంట అక్కా. టపా ముద్ర నా కాయితం మీద కన్నా మూడ్రోజుల ముందుంది. హాజరు గురించి అడిగినారన్న కోపంతో నాను రాసినానంతన్నారు.”

“మనం సోమవారమే ఇచ్చినాం కదే!”

“రసీదేదీ అన్నారు.”

“మేడం ఏటన్నాది?”

“రాజీ పడిపోమన్నాది. గైడుని మారిపిస్తారంట, కొత్త టాపిక్ తీసుకోమంట. రెండేళ్ల పని వదిలీమంట. నాను ఒద్దన్నాను. సాచ్చికం సెప్పడానికి నీ పేరు ఇచ్చినాను. ఒస్తావు కదా?”

వస్తానన్నాను. ఇక విషయమంతా ఒక్క తేదీ మీదకు వచ్చింది. సోమవారం ఇచ్చామని తేలితే ఆమె మాట నిజం, ఆ తర్వాత పుట్టించినవన్నీ పుట్టించినవి. తేలకపోతే ఆమె కోపిష్టి, అబద్ధాలకోరు, ఆ పేరుతో ఇంటికి పోవాలి. ఆ తేదీ తెలిసినవాళ్లం ఆ ఆఫీసువాళ్లు కాక ముగ్గురం. ఆమె, నేను, మేడం. మేడం కమిటీలోనే ఉన్నారు కదా, అని నేను ఇంకా ధైర్యంగానే ఉన్నాను.

విచారణ రోజు ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లాను. పొడుగు బల్లకు ఒక చివర మేడం. పక్కన యూనివర్సిటీవాళ్లు ముగ్గురు, బయటి సభ్యురాలిగా ఒక అడ్వకేటమ్మ. గోడ వారగా కంప్యూటరు ముందు టైపు చేసే మనిషి. ఆ పిల్లను వరండాలో కూర్చోబెట్టారు. ప్రశ్నలు అడ్వకేటమ్మే అడిగింది. తేదీ చెప్పాను, వేళ చెప్పాను, కత్తెర సంగతి చెప్పాను, ఫోను మాట చెప్పాను.

“ఇలాంటి ఫిర్యాదు నేరుగా కమిటీకి ఇవ్వాలి కదమ్మా. అవతలి మనిషి స్నేహితుడి చేతిలో ఎందుకు పెట్టారు? చట్టం మీకు తెలియదా?”

నేను నోరు తెరిచేలోపు మేడం అందుకున్నారు. గొంతు మెత్తగా ఉంది, నన్ను అతిథులకు చూపించేటప్పటి గొంతే.

“పాపం ఆవిడ అటెండరండీ. ఇంటర్ కూడా పూర్తి కాలేదు. మంచి మనిషి. అలవాటు కొద్దీ అన్ని అర్జీల మీద రాసినట్టే దీని మీదా రాసేసింది. వాళ్లకి ఈ సెక్షన్లవీ ఎక్కడ తెలుస్తాయి చెప్పండి? తేదీలు కూడా అంత కచ్చితంగా గుర్తుండవు.”

బల్ల అవతల ఒకాయన జాలిగా తల ఆడించాడు.

ఎవరైనా నన్ను బూతులు తిట్టి ఉంటే అంత తగిలేది కాదు. మల్కాపురంలో పుట్టినదాన్ని, తిట్టుకు తిట్టు తెలుసు. ఆవిడ నన్ను తిట్టలేదు. పదేళ్లుగా నాకు తానే ఇచ్చిన పేరును, తనకు అవసరమైన నిమిషంలో, టీ కప్పు తీసినంత తేలిగ్గా నా ముందు నుంచి తీసేశారు. అంతకన్నా సిగ్గైన సంగతి, అవునండీ తెలియదండీ అనాలని నాకూ ఒక క్షణం అనిపించింది. అలా అంటే మేడంకి మాట రాదు, నాకు ఉద్యోగం పోదు. తెలియక చేసినవాళ్లను ఎవరూ ఏమీ అనరు. వరండాలో ఉన్న పిల్ల తేదీ మాత్రం పోతుంది.

“తెలుసండి,” అన్నాను. “చట్టం చదివేనండి. నేరుగా ఇవ్వాలని తెలుసు. హెడ్ ద్వారా పెట్టించమని మేడం చెప్పేరు. ఇచ్చిన రోజే, ఇచ్చేమని మేడంకి చెప్పేను.”

“నేనెప్పుడు చెప్పానమ్మా? సరిగ్గా గుర్తు తెచ్చుకో.”

“మీ గదిలోనండి. టీ ఇచ్చేరు.”

ఆవిడ నవ్వారు. “టీ చాలామందికి ఇస్తాను.”

కాసేపటికి టైపు చేసిన కాగితం నా ముందుకు వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. సంతకం పెట్టవలసిన చోట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి, “ఇక్కడమ్మా” అన్నాడు టైపు చేసినాయన. నేను పైనుంచి మొదలుపెట్టాను. చదువుతానని ఆయన అనుకోలేదు. పెన్ను నా వైపు చాపి అలాగే ఉంచాడు. ‘సాక్షి పెద్దగా చదువుకోలేదు. తెలియక అర్జీని విభాగాధిపతి ద్వారా పంపింది. తేదీ ఆమెకు స్పష్టంగా గుర్తు లేదు.’ ఆ మూడు వాక్యాలను ముందు ఇంగ్లీషులో పైకి చదివాను. నా ఉచ్చారణ ఎలాగుందో నాకు తెలియదు, ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. తర్వాత ఒక్కొక్కటి తెలుగులో చెప్పి, “ఇది నాను అనలేదండి” అన్నాను. కంగారులో నేను కాస్తా నాను అయిపోయింది.

అడ్వకేటమ్మ కాగితం లాక్కుని చూసి, మళ్లీ టైపు చేయమంది. మేడం కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. రెండో కాగితంలో నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, ‘తెలుసు’ అన్న మాటతో సహా. సంతకం పెట్టాను.

నా వాంగ్మూలంతో సోమవారం అన్న మాట నిలబడింది. నలుగురి ఉత్తరాన్ని కమిటీ పక్కన పెట్టింది. ఆ పిల్లకు గైడుని మార్చారు. టాపిక్ పాత గైడు ప్రాజెక్టులోది కాబట్టి అది ఆయన దగ్గరే ఉండిపోయింది, ఈమె మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఆయన మీద ఏ చర్య తీసుకున్నారో మాకు చెప్పలేదు. అడిగితే గోప్యమన్నారు. ఆమె పేరు ఒక్క పూటలో డిపార్ట్‌మెంటంతా తిరిగింది, ఆయన శిక్ష మాత్రం ఇప్పటికీ గోప్యంగానే ఉంది. ఆయన గది ముందు పేరుబల్ల అలాగే ఉంది. మేడం కమిటీలో తన గడువు పూర్తయ్యేదాకా ఉన్నారు. వరండాలో ఎదురుపడితే ఇప్పటికీ, “బాగున్నావా అమ్మా?” అంటారు, ఏమీ జరగనట్టు. బాగున్నానండి అంటాను. వేరే ఏమనాలో పుస్తకాల్లో నాకు దొరకలేదు. చీటీలు మాత్రం పంపరు.

నన్ను మూడో అంతస్తు నుంచి కిందికి, మెంబర్‌షిప్ కౌంటరుకు మార్చారు. అక్కడ బండి లేదు. ఫారాలు, ముద్ర.

వాంగ్మూలాల కాపీలు ఇరుపక్షాలకూ ఇస్తారు. ఆ పిల్లకు నాది కూడా అందింది. మర్నాడు సాయంత్రం గేటు ముందు బస్టాపులో నా కోసం నిలబడి ఉంది. మెచ్చుకుంటుందనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

“అక్కా, ఇందులో తెల్సని అన్నావు. నేరుగా ఇయ్యొచ్చని నీకు ముందే తెల్సా?”

“తెల్సు.”

“ఆయేళ నాను అడిగినాను. పుస్తకంలో ఉందా అని.”

“మేడం సెప్పింది కదా అని...”

“మేడమెవులో నాకు తెల్దక్కా. ఆవిడ మాటకి నాను రాయనేదు. నీ మాటకి రాసినాను.”

గాజువాక బస్సు వచ్చింది. అది నేనెక్కాల్సిన బస్సే. ఎక్కలేదు. ఆ పిల్ల తిరిగి హాస్టలు వైపు వెళ్లిపోయింది. తర్వాత రెండు బస్సులు పోయేదాకా అక్కడే నిలబడ్డాను. మేడం నాకు చేసిందీ, నేను ఆ పిల్లకు చేసిందీ ఒకటి కాదని ఎన్ని రకాలుగా చెప్పుకున్నా, నన్ను నమ్మి ఎదురుగా కూర్చున్న మనిషి ముందు నాకు తెలిసిన మాటను మింగిన సంగతి మారలేదు.

రెండు నెలల తర్వాత ఒక ఉదయం ఆ పిల్ల కౌంటరు దగ్గరకొచ్చింది. చిక్కిపోయింది కానీ జుట్టు నున్నగా దువ్వుకుని, చేతిలో కొత్త ఫైలు పట్టుకుని ఉంది.

“గైడ్ పేరు మార్చాలండి కార్డులో. ఇక్కడ స్టాంపు వెయ్యాలంట, మేడం.”

ఒక్క ముక్క కూడా మన యాస లేదు. ఫారం చూసి, పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాసి, ముద్ర వేశాను.

“కొత్త టాపిక్ ఏటి?” అని అడిగాను.

చెప్పింది. ఆ పుస్తకాలు రెండో అంతస్తులో ఎక్కడున్నాయో, వాటిలో ఏది మంచిదో, ఏది పాతబడిపోయిందో నాకు తెలుసు. చెప్పబోయాను.

“నేను వెతుక్కుంటానండి. థ్యాంక్యూ మేడం,” అని కార్డు తీసుకుని మెట్లెక్కింది.

పక్క కుర్చీలోంచి సీనియర్ అసిస్టెంటు వంగి చూశాడు. “ఓలమ్మో, ప్రొఫెసరమ్మ పోయి మేడం అయిపోనావే! పార్టీ ఎప్పుడు?”

ఎప్పుడూ ఏదో ఒకటి తిరిగి అంటాను. ఆ రోజు వరసలో తర్వాత నిలబడినవాళ్ల ఫారం అందుకున్నాను.